పాత టీవీ గేములో మొగిలి ఘాటు

2007 జూన్ 3, ఆదివారం

తిరుపతి బస్టాండులో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఇంటికెళితే రాయను, నాకు తెలుసు.

పొద్దున పలమనేరుకు, అన్న దగ్గరికి పోయాను. సంచిలో పాత టీవీ గేము. అన్న పాల లారీ డ్రైవరుగా చేరిన కొత్తలో మా ఇద్దరి కోసం తనే కొని తెచ్చినది. పెట్టె పసుపు తిరిగింది. లోపల తెగిన తీగలన్నీ మళ్లీ అతికి బతికించాను. ఇన్నేళ్లుగా టీవీలు బాగుచేస్తున్నాను, ఏ టీవీకీ ఇంత ఓపిక పెట్టలేదు.

కంట్రోలు చేతిలో పెట్టాను. తడిమాడు. బొటనవేలు దానంతటదే బాణం గుర్తుల మీదికి పోయింది. ఒక్క క్షణం ముఖం తేటపడినట్టే ఉండింది... అంతలోనే మంచం మీద పడేశాడు.

"నాకు కనపడని వస్తువులన్నీ ఏరి ఏరి తెచ్చి సూపిస్తావేం మునీ?"

గోడవైపు తిరిగాడు. రెండేళ్లుగా ఆ గోడవైపే.

జూన్ 5

వదిన ఫోను. "మీ యన్న మాటకు బాధపడొద్దు. నాతో గూడా అంతే. లేస్తే మంచం, కూలబడితే మంచం. వాకిట్లో ఎండ పొడకు కూర్చోమంటే కూడా రాడు." ఆ పెట్టె వాపసు తీసుకుపోతావా అని అడిగింది.

ఉండనీ వదినా, అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

జూన్ 11

ఆరు టీవీలు వచ్చాయి, నాలుగు అయ్యాయి. చేతులు పనిచేస్తున్నాయి. అంతే.

జూన్ 17, ఆదివారం

ఇది పూర్తిగా రాసుకోవాలి.

పలమనేరులో అన్నం తిన్నాక వదిన పశువుల దగ్గరికి పోయింది. అన్న లోపలి గదిలో. నేను నడింట్లో ఒక్కణ్నే. ఊరికే టీవీ గేము పెట్టి ఆడుతున్నా, సౌండు తగ్గించి. పాత ఆటే, దూకుతూ పోయేది.

లోపలి నుంచి — "గుంతలో పడినావు."

అవును, పడ్డాను.

కొంచెంసేపటికి — "ఇంగ ఒక లైఫే ఉండాది నీకు. నిచ్చెన కాడ నిలబడు, పైనించి రాయి పడతాది."

పడింది. నేను నిలబడలేదు, చచ్చాను. అన్న ఒక్కసారి కూడా గది దాటి రాలేదు. తెర ఇటువైపు ఉంది, అన్న గోడకు అవతల ఉన్నాడు. అంతా వింటున్నాడు. అంతా తెలుసు.

ఆట ఆపేశాను.

"ఏమిట్కి ఆపినావు?" అన్నాడు. రెండేళ్లలో నన్ను తనంతట తాను అడిగిన మొదటి మాట.

జూన్ 18

బొమ్మ లేని ఆట.

తెర నల్లగా ఉంటుంది. శబ్దం ఒక్కటే. విని ఆడాలి. ఆ పెట్టెకే చేయాలి, ఆ కంట్రోలుకే. కంప్యూటరులో అయితే నాలుగు రోజుల పని, కానీ అన్న చేతికి కంప్యూటరు తెలియదు. ఆ బొటనవేలికి తెలిసింది ఆ బాణం గుర్తులే.

దానికి కొత్త ఆటలు రావడం ఆగి ఎన్నేళ్లయిందో. అయితే ఏం, నేను చేస్తాను.

జూన్ 24

నెట్ సెంటర్లో మూడు గంటలు. నమ్మలేను — ఎక్కడెక్కడి మనుషులో, ఉద్యోగాలు చేసుకుంటూ, ఈ చచ్చిపోయిన పెట్టెలకు కొత్త ఆటలు రాస్తున్నారు. ఎవరూ అడగకుండానే. రాయడానికి కావలసినవన్నీ ఊరికే పెట్టారు. ఆ ఆటలు రాసే భాష, నేను డిప్లొమాలో బట్టీపట్టి పరీక్ష అయిన మర్నాడే మరిచిపోయిన భాషలాంటిదే. ప్రింట్లు తీసుకున్నాను, సంచి నిండా.

నాకొచ్చిన ఇంగ్లీషులో ఒక ప్రశ్న పెట్టాను: చూపులేని మనిషికి ఆట చేయవచ్చునా?

జూన్ 26

జవాబు వచ్చింది. పేజీన్నర. ఎవరో, ఏ దేశమో. ఆ పెట్టెలోని చిప్పుకు శబ్దం రెండు కాళ్ల నుంచి, అంటే రెండు పిన్నుల నుంచి, బయటికి వస్తుందట, ఒకదాన్నుంచి ఈల లాంటివి రెండు, ఇంకోదాన్నుంచి బొంగురుదొకటి, గరగర ఒకటి. రెండింటినీ కలిపేసి టీవీకి పంపుతారు. కలపకుండా విడదీసి రెండు స్పీకర్లకు ఇవ్వు, అని రాశాడు. ఎడమ, కుడి వస్తాయి.

నాకు తట్టలేదు. టీవీ మెకానిక్కును నేను!

చివర్లో "మీ అన్నగారికి నా నమస్కారం చెప్పండి" అని ఉంది. చెప్పలేను. ఇంకా ఏమీ చెప్పలేదు అన్నకు.

జులై 1, ఆదివారం

ఏం ఆట?

ట్యాంకులు వద్దు. దూకేవి వద్దు. అడిగితే అన్న చెప్పడు, నన్ను ఇంట్లోంచి పొమ్మంటాడు. వారమంతా ఇదే. సోల్డరింగు చేస్తూ, టీ తాగుతూ...

ఈ పొద్దున తట్టింది. మొగిలి ఘాటు. కొండ మీది మలుపుల రోడ్డు. తొమ్మిదేళ్లు అన్న రోజూ పాలతో చిత్తూరుకు దిగి, ఖాళీ క్యాన్లతో పలమనేరుకు ఎక్కిన దారి. ఆ దారి మీదే కదా ఒక సాయంత్రం లారీ పిట్టగోడను గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు డాక్టరు చెప్పాడు — ఇది కళ్ల లోపలి జబ్బు, తగ్గేది కాదు, ఇక బండి నడపకూడదు, అని. అప్పటికే అన్నకు లోకం బొంగుగొట్టంలోంచి చూసినంత మిగిలింది. ఇప్పుడు అదీ లేదు.

ఆ దారి తిరిగి ఇస్తే తిడతాడా? తిడతాడు. చేస్తాను.

జులై 8, ఆదివారం

చిత్తూరులో బాషా లారీ ఎక్కాను. అన్న సీట్లో ఇప్పుడు బాషా. ఆ రోజుల్లో అన్న పక్కన క్లీనరుగా ఉన్నవాడు. కాగితాల అట్ట, పెన్సిలు, చిన్న టేపురికార్డరు పట్టుకుని ఎక్కితే నవ్వాడు.

"ఏమప్పా, సర్వేకొచ్చినావా?"

సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది. బంగారుపాళ్యం దాటి ఘాటు మొదలయ్యాక ప్రతి మలుపుకూ చెప్పుకుంటూ వచ్చాడు.

"ఈడ మీ యన్న హారన్ కొట్టేవాడు కాదు. గేరు దించేవాడంతే. ఎదురొచ్చేవాడికి మన ఇంజను గొంతు ఇనపడితే సాలు అనేవాడు."

ఒక మలుపు దగ్గర బండి నెమ్మది చేశాడు. పిట్టగోడకు కొత్త సిమెంటు అతుకు, పక్కన పాత రాయి.

"ఆ పొద్దు నేను పక్కనే ఉండాను మునీ. గోడ కనపడల్యా అన్నా, అని అడిగినా. కనపడిందిరా, లేటుగా కనపడింది, అన్నాడు."

మలుపులన్నీ కాగితం మీదికి వచ్చాయి. ఏది ఎంత పొడుగు, ఏది ఎంత వంపు. టేపులో బాషా గొంతు, లారీ గొంతు. ఇంటికొచ్చి ఇప్పటికి మూడుసార్లు విన్నాను.

జులై 11

మొదటి శబ్దం! కుయ్ మని. అంతే. కానీ నేను చెప్తే కూసింది.

జులై 13

రాసింది తప్పయితే చిప్పులోంచి చెరపాలి. చెరపాలంటే దాని నెత్తిన ఉన్న గాజు కిటికీలోకి అల్ట్రావయొలెట్ నీలం వెలుగు పడాలి. నీళ్లు శుద్ధిచేసే ప్లాంటులో పనికిరాదని తీసేసిన అలాంటి ట్యూబు తెచ్చుకున్నాను. అట్టపెట్టెలో మూసి ఇరవై నిమిషాలు. ఆ వెలుగు కంటికి మంచిది కాదట. అట్ట రెండు పొరలు వేశాను.

ఈ రోజు ఏడుసార్లు రాశాను, ఏడుసార్లు చెరిపాను.

జులై 15, ఆదివారం

పలమనేరు పోలేదు. పోవాలనిపించలేదు, అన్న మీద కోపంతో కాదు. ఒకటి గుర్తొచ్చింది.

ట్యాంకుల ఆట. తొంభై ఎనిమిది. అప్పటిదాకా ఒక్కసారీ అన్నను గెలవలేదు. ఆ ఏడాది నుంచి గెలవడం మొదలైంది. తెర అంచుల్లోంచి వచ్చి కొట్టేవాణ్ని. "యాడి నుంచి వచ్చినావురా!" అనేవాడు, ప్రతిసారీ నిజంగానే ఆశ్చర్యపోతూ. నేను ఎగిరేవాణ్ని. వీధిలో చెప్పుకున్నాను, హాస్టల్లో చెప్పుకున్నాను, మా అన్నను చిత్తుగా ఓడిస్తున్నానని.

చూపులో ముందు పోయేది అంచులేనట. ఏడేళ్ల తర్వాత డాక్టరు చెప్పాడు.

ఎవరికైనా ముందు తెలియాలంటే నాకే తెలియాలి. రోజూ పక్కన కూర్చున్నది నేనే. నాకు తెలియలేదు. గెలుస్తున్నాననుకున్నాను.

జులై 19

కరెంటు లేదు. కాగితం మీదే రాస్తున్నాను, మలుపుకో పేజీ.

జులై 28

ఎడమ మలుపు వస్తుంటే ఎడమ స్పీకర్లో ఈల, దగ్గరయ్యే కొద్దీ సన్నబడుతుంది. కుడి మలుపుకు కుడి స్పీకర్లో గరగర. ఇంజను బొంగురు. నేను కళ్లు మూసుకుని ఆడితే మూడో మలుపు దాటలేదు.

పాత గేము క్యాసెట్టు ఒకటి విప్పి దానిలో నా చిప్పు పెట్టాను. మీద కాగితం అతికించి ఏం రాయాలా అని చాలాసేపు... ఏమీ రాయలేదు. చదివేది ఎవరు?

ఆగస్టు 5, ఆదివారం

చెప్పలేదు అన్నకు. జూన్లో చేసినట్టే చేశాను. నడింట్లో స్పీకర్లు అటొకటి ఇటొకటి పెట్టి నేనే ఆడాను. రాళ్లలోకి పోయాను. మళ్లీ పోయాను. లోపల చప్పుడు లేదు. నిద్రపోయాడనుకున్నా.

నాలుగో మలుపు దాకా ఒకసారి పోయాను.

లోపలి నుంచి — "ఇది మొగిలి."

అడగడం కాదు. చెప్పడం.

ఆడుతూనే ఉన్నా. గుద్దాను.

"గేరు దించల్ల ఈడ."

"గేరు లేదన్నా ఆటలో."

"గేరు ల్యాకుండా మొగిలి ఎక్కేదేందిరా? నీ మొగం!"

మంచం కిర్రుమంది. గోడ పట్టుకుని వచ్చాడు, నా పక్కన నేల మీద కూర్చున్నాడు, చెయ్యి చాపాడు. కంట్రోలు ఇచ్చాను. మొదటిసారే ఆరో మలుపు. గుద్ది — "ఖాళీ క్యాన్లు యాడ? ఎక్కేటప్పుడు ఎనకల క్యాన్లు మోగల్ల గదా. క్యాన్లు ఎటు దొర్లితే బండి అటు వంగినట్టు. ఇంజను గూడా ఇట్ల ఏడవదు, ఎక్కేటప్పుడు రవంత దగ్గతాది."

తిట్టాడు, గంటసేపు. నా జన్మలో అంత బాగా ఎవరూ తిట్టలేదు. వదిన పాల చెంబుతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఆగస్టు 6

గేరు. క్యాన్లు. దగ్గు. చిప్పులో చోటు చాలదు. ఎక్కడో కోయాలి.

ఆగస్టు 14

మొదట్లో వచ్చే పాట తీసేశాను. ఎలాగూ బాగాలేదు. క్యాన్లకు చోటు దొరికింది.

ఆగస్టు 19, ఆదివారం

ఘాటు ఎక్కేశాడు. పొద్దున పదికి కూర్చుని, అన్నానికి లేవకుండా. పైకి చేరితే నేనేం పెట్టలేదు, బాజాలూ అవీ. ఇంజను ఊపిరి తీసుకున్నట్టు నెమ్మదిస్తుంది, క్యాన్లు ఆగుతాయి. అంతే.

అన్న కదలకుండా కూర్చున్నాడు. తర్వాత — "పైన గాలి సల్లగా ఉంటాది. అది ఎట్ల పెడతావులే."

లేచేటప్పుడు గుమ్మం దగ్గర స్టూలు నా మోకాలికి కొట్టుకుంది. గది కొంచెం మసకగా ఉండింది. అన్న ఆ చప్పుడుకు తల తిప్పాడు.

ఆగస్టు 30

వదిన ఫోను. "పొద్దున్నే స్నానం చేసి కూర్చుంటాడు, డ్యూటీకి పొయ్యేవాడి మాదిరి." నవ్వుతోంది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయింది.

సెప్టెంబరు 2, ఆదివారం

రెండో కంట్రోలుకు పని పెట్టాను. క్లీనరు. నొక్కితే తలుపు మీద దబదబ కొట్టిన చప్పుడు — ఎదురుగా బండి వస్తే చెప్పడానికి. అన్న పక్కన నేను కూర్చోవచ్చు మళ్లీ. ఇద్దరం ఒకే వైపు. ఎవరినీ గెలవక్కర్లేదు.

తీసుకెళ్లాను. అన్న ఒక్కడే ఆడుకున్నాడు. రెండోదాని ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను సాయంత్రం దాకా.

సెప్టెంబరు 3

అడిగి ఉండాల్సింది. అన్నా, నేనూ వస్తానని.

సెప్టెంబరు 16, ఆదివారం

ఆట మధ్యలో ఆపాడు.

"మునీ. నువ్వు చూపిచ్చుకున్న్యావా?"

ఏమిటన్నాను. ఏమిటో తెలుసు.

"కండ్లు. తోడబుట్టినోళ్లు గూడా చూపిచ్చుకోవల్లని డాక్టరు చెప్పినాడు. మీ వదిన చెప్పలేదా నీకు?"

"చెప్పింది."

"ఎప్పుడు?"

"అప్పుడే."

"రెండేండ్లు." కంట్రోలు కింద పెట్టాడు. "పోయిన నెల స్టూలుకు తగిలినావు. ఈ పొద్దు చెంబుకు. నాయన గుర్తుండాడా? పొద్దు గూకితే సేన్లో ఒక్క నిమిషం నిలబడేవాడు కాదు. దయ్యాల భయమని నవ్వుకునేవాళ్లం."

గుర్తున్నాడు. చీకటి పడకముందే ఇంటికొచ్చేసే నాయన. గోడ తడుముకుంటూ కాళ్లు కడుక్కునే నాయన. నవ్వుకునేవాళ్లం.

"నువ్వు చూపిచ్చుకునేదాకా నేను దీన్ని ముట్టను" అన్నాడు.

లోపలికి పోయాడు.

సెప్టెంబరు 20

ఆసుపత్రి ముందు దాకా పోయాను. ఎదురుగా ఉన్న అంగట్లో టీ తాగి వచ్చేశాను.

సెప్టెంబరు 21

షాపు చీకటిగా ఉంది, బల్బు మార్చాలి. బల్బే.

సెప్టెంబరు 27

వదిన ఫోను. మళ్లీ గోడవైపు తిరిగాడట. "నీకేమి మొండితనమప్పా? ఆయనకేమో నీ మీద బెంగ, నీకేమో..." ఆపేసింది.

నాకేమో ఏమిటి? తెలిస్తే ఏం చేయాలి? వెంట్రుకంత సన్నని తీగలు అతికే చేతులు ఇవి. కన్ను లేకుండా వీటికి ఏం పని?

తెలియకపోతే ఇంకా కొన్నాళ్లు తెలియకుండా ఉండవచ్చు. అదే నేను కోరుకున్నది, రెండేళ్లుగా. రాయడానికి సిగ్గుగా ఉంది.

అక్టోబరు 9

షాపు ముందు ఆటో ఆగింది. బాషా దిగాడు. వెనక అన్న.

పలమనేరు నుంచి. బాషా లారీలో చిత్తూరుదాకా, అక్కడి నుంచి బస్సు. రెండేళ్లుగా వాకిలి దాటని మనిషి. ఉతికిన తెల్లచొక్కా, జేబులో డాక్టరు పాత చీటీ.

నేను స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అన్నే — "యాడ ఉండావురా? మాట్లాడితే గదా తెలిసేది."

"ఈడ ఉండానన్నా."

"నీ ఆటలో అయిదో మలుపు తప్పు. దిగేటప్పుడు ఇన్న్యాను. అంత పొడుగు లేదు అది." భుజం వెతికి పట్టుకున్నాడు. "రేప్పొద్దున ఆసుపత్రికి. ఇద్దరం."

బాషా ముఖం అటు తిప్పుకున్నాడు.

నా గదిలో పడుకున్నాడు ఈ రోజు. ఒకే చాప మీద. చిన్నప్పుడు పడుకున్నట్టు, కాళ్లు నా మీద వేసి.

అక్టోబరు 10

ఆసుపత్రి బెంచీ. పదకొండయింది. కళ్లలో మందు రెండుసార్లు వేశారు, పెద్ద డాక్టరు చూస్తాడట. అక్షరాలు కనపడడం లేదు, గీతల అంచనా మీద రాస్తున్నాను. ఒక వరుస మీద ఇంకో వరుస పడుతోందేమో.

పొద్దున ఒకాయన గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. నొక్కాను. మధ్యమధ్యలో చాలాసేపు ఏమీ రాలేదు. ఏమీ రాలేదా, నాకు కనపడలేదా? అడిగితే డాక్టరు చెప్తారు అన్నాడు.

అన్న పక్కనే. మోకాలికి మోకాలు తగులుతోంది.

"ఏం రాస్తాండావు?"

"ఏం లేదన్నా."

నా వైపు వంగాడు. "ఎక్కేది చేసినావు గానీ, దిగేది చెయ్యలేదే నువ్వు. నిండు క్యాన్లతో దిగేదే అసలు కష్టం."

చిప్పులో చోటు లేదన్నాను.

"పెద్దది తెచ్చుకో. నీ కండ్లు బాగుండాయంటే నిదానంగా చెయ్. లేదంటే బిరీన చేసెయ్. ఇద్దరికీ పనికొస్తాది."

నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటా. అన్న ముఖం చూద్దామని తిరిగాను, మందుకు అంతా తెల్లగా అలుక్కుపోయి ఉంది. నవ్వు మటుకు వినపడింది, ఎడమవైపు నుంచి, దగ్గరగా.

నర్సు ఎవరి పేరో పిలిచింది. మాది కాదు. మా ముందు ఇంకా ఇద్దరున్నారు.